నడిచే ఇసుక మీద నడకదారి

విశాఖపట్నంలో కోస్టల్ బ్యాటరీ దగ్గర మొదలయ్యే బీచ్ రోడ్డు రామకృష్ణా (ఆర్కే) బీచ్, లాసన్స్ బే, జోడుగుళ్లపాలెం, తెన్నేటి పార్కు, సాగర్ నగర్, రుషికొండ, మంగమారిపేటల మీదుగా భీమిలి చేరేసరికి 30 కిలోమీటర్లకు అటూ ఇటూగా సాగుతుంది. ఎడమ చేతి వైపు కైలాసగిరి, తొట్లకొండ, బావికొండ. కుడి చేతి వైపు బంగాళాఖాతం. తూర్పు కనుమల రాళ్లు నేరుగా అలల్లోకి దిగే ఇలాంటి తీరం కృష్ణా, గోదావరి డెల్టాల్లో కనిపించదు. ఆర్కే బీచ్ భాగంలో తెల్లవారుజామున వాహనాలు ఆపి రోడ్డును నడిచేవాళ్లకు వదిలేస్తారు. నగరానికి వచ్చినవాళ్లు తప్పక చూసి వెళ్లే కురుసుర జలాంతర్గామి 2002 నుంచి ఇక్కడి ఇసుక మీదే మ్యూజియంగా నిలబడి ఉంది. ఈ దారి అందం గురించి మాట్లాడేటప్పుడు మన చూపు సముద్రం మీదకూ కొండల మీదకూ పోతుంది గానీ, ఆ రెంటికీ మధ్య ఉన్న ఇసుక మీద ఆగదు. నిజానికి బీచ్ రోడ్డును సముద్రం నుంచి కాపాడుతున్నది ఆ ఇసుకే. అది ఒకచోట కదలకుండా పడి ఉండేది కాదు, దక్షిణం నుంచి వస్తూ ఉత్తరానికి పోతూ ఉంటుంది. నౌకాశ్రయం కట్టుకున్నప్పుడు ఆ రాకపోకలను మనం అడ్డుకున్నాం. అడ్డుకున్న ఇసుకను ఏటా లెక్క ప్రకారం అవతలికి దాటించే బాధ్యత తీసుకుంటేనే ఈ నడకదారి మిగులుతుంది. గోడలతో దీన్ని నిలబెట్టలేం.

ఇసుక ప్రయాణం

అల తీరానికి నేరుగా ఎదురుగా రావడం అరుదు. ఎంతో కొంత వాలుగా వస్తుంది. వాలుగా వచ్చిన అల విరిగి ఒడ్డు మీదకు పాకినప్పుడు ఇసుక రేణువులను కూడా అదే వాలులో పైకి నెడుతుంది. వెనక్కి జారే నీరు మాత్రం నేల వాలును బట్టి తిన్నగా దిగిపోతుంది. అంటే ప్రతి అలకూ ఒక్కో రేణువు రంపపు పళ్ల ఆకారంలో కొద్దికొద్దిగా పక్కకు జరుగుతుంది. అలలు విరిగే చోట తీరం వెంబడి సాగే నీటి ప్రవాహం కూడా నీటిలో తేలే ఇసుకను అదే దిశలో మోసుకుపోతుంది. ఆంధ్ర తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఒరిగి ఉంటుంది. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణపు దిక్కు నుంచి వచ్చే బలమైన అలలు ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య రుతుపవనాల నెలల్లో ఈ దిశ తిరగబడి కొంత ఇసుక దక్షిణానికి వస్తుంది. అయితే ఆ అలల బలం తక్కువ, అవి ఉండే కాలమూ తక్కువ. ఏడాది మొత్తం లెక్క తీస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. విశాఖ దగ్గర ఇలా పోయే ఇసుక ఏటా లక్షల ఘనమీటర్లలో ఉంటుంది. దీనికి కంటికి కనిపించే సాక్ష్యం కాకినాడ దగ్గర ఉంది. గోదావరి మొగ నుంచి ఉత్తరంగా సాగిన హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ పొడవు సుమారు 16 కిలోమీటర్లు. నది తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరానికి తోసుకుపోవడం వల్లనే అంత పొడవైన దిబ్బ ఆ దిశగా పెరిగింది.

విశాఖ ఇసుక ఎక్కడిదో దాని రంగు చెబుతుంది. ఈ నగరపు కొండల్లో ఎక్కువ భాగం ఖోండలైట్ అనే రాయి. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలో తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ రూపుమారిన ఈ శిలలో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్‌లతో పాటు ఎర్రటి గార్నెట్, సిల్లిమనైట్ స్ఫటికాలు ఉంటాయి. వానకు, ఎండకు రాయి శిథిలమై, గెడ్డల్లో, నదుల్లో కొట్టుకొచ్చి ఒడ్డుకు చేరాక అలలు ఆ ఖనిజాలను బరువును బట్టి వేరుచేస్తాయి. అంతే పరిమాణమున్న నీటి కంటే క్వార్ట్జ్ 2.65 రెట్లు బరువు. గార్నెట్ దాదాపు 4 రెట్లు, నల్లని ఇల్మెనైట్ 4.7 రెట్లు. ఉద్ధృతమైన అలలు వచ్చినప్పుడు తేలికైన తెల్లని క్వార్ట్జ్ కొట్టుకుపోతుంది, బరువైనవి అక్కడే మిగిలిపోతాయి. అందుకే తుపాను వెళ్లిన మర్నాడు ఒడ్డున నల్లని, ఊదారంగు చారలు పరుచుకుని కనిపిస్తాయి. చాలామంది వాటిని కాలుష్యం అనుకుంటారు. ఎక్కువ సందర్భాల్లో అవి కోతకు గుర్తులు. అక్కడి నుంచి తేలిక ఇసుక ఎంతో కొంత వెళ్లిపోయిందని వాటి అర్థం. ఆర్కే బీచ్‌లో ఏ చోట ఈ చారలు నెలల తరబడి చెదరకుండా ఉంటున్నాయో గమనిస్తే, ఏ చోటికి కొత్త ఇసుక రావడం లేదో పరికరాలు లేకుండానే అంచనాకు రావచ్చు.

భీమిలి దారిలో కనిపించే ఎర్రమట్టి దిబ్బలు ఇదే ఇసుక కథలో పాత అధ్యాయం. సుమారు 20 వేల ఏళ్ల కిందట, భూమి మీది నీరు పెద్ద ఎత్తున మంచుగా గడ్డకట్టి ఉన్న కాలంలో, సముద్రమట్టం నేటి కంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. అప్పటి ఒడ్డు ఇప్పటి విశాఖకు తూర్పున ఎన్నో కిలోమీటర్ల దూరంలో ఉండేది. బయటపడిన సముద్రపు అడుగు నుంచి గాలి లేపి తెచ్చిన ఇసుక ఈ దిబ్బలుగా పోగుపడింది. అందులోని ఇనుప ఖనిజాలు ఆక్సీకరణ చెంది రేణువులకు ఎర్రటి పూత పట్టింది. వాన నీరు వాటిని లోతైన వాగులుగా చెక్కింది. మంచు కరిగి సముద్రం మళ్లీ పైకి వచ్చి నేటి మట్టానికి దగ్గరగా చేరింది సుమారు 6, 7 వేల ఏళ్ల కిందటే. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఈ దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించడం వెనక ఉన్న విలువ ఇదే. తీరం ఎప్పుడూ ఒకచోట నిలిచి ఉండలేదని, ఇసుక ఎటు కదిలితే ఒడ్డు అటు కదిలిందని ఈ దిబ్బలు పొరపొరనా రాసి పెట్టాయి. మనం రోడ్డు వేసింది కదలని నేల మీద కాదని ఒప్పుకోవడానికి ఇంతకంటే పెద్ద ఆధారం అక్కర్లేదు.

అడ్డుకట్ట

ఇసుక రాకపోకల్లోకి మనిషి చేయి వచ్చింది 1933లో. ఆ ఏడాది విశాఖ నౌకాశ్రయం ప్రారంభమైంది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్న లోతట్టు చిత్తడిని తవ్వి నౌకలకు దారి చేశారు. ఉత్తరానికి కదిలే ఇసుక ఆ దారిలో మేట వేస్తుందని కట్టిన ఇంజనీర్లకు బాగా తెలుసు. అందుకే ప్రవేశమార్గానికి దక్షిణాన రెండు పాత ఓడలను ముంచి అడ్డుగా పెట్టి, వచ్చే ఇసుకను అక్కడే ఒక గోతిలో పట్టే ఏర్పాటు చేశారు. ఆ గోతిలో చేరినదాన్ని తవ్వి తీస్తేనే ఓడలకు దారి. తర్వాత పెద్ద ఓడల కోసం 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది. దాదాపు 200 హెక్టార్ల నీటిని అలల నుంచి కాపాడే మూడు బ్రేక్‌వాటర్లు సముద్రంలోకి సాగాయి. వాటికి ఉత్తరాన ఆనుకుని ఉన్నదే ఆర్కే బీచ్. పారే కాలువకు అడ్డుకట్ట వేస్తే దిగువ ఆయకట్టు ఎండిపోవడం గోదావరి జిల్లాల రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక్కడ పారేది నీరు బదులు ఇసుక, దిగువన ఉన్నది పొలాల బదులు నగరపు ఒడ్డు. దిగువన అలలు మాత్రం మునుపటిలాగే ఇసుకను ఉత్తరానికి తీసుకుపోతుంటాయి. రావడం తగ్గి, పోవడం తగ్గకపోతే మిగిలేది కోతే.

ఇది ఒక్క విశాఖలోనే జరిగి ఉంటే కాకతాళీయం అనుకోవచ్చు. తూర్పు తీరంలోని మిగిలిన నౌకాశ్రయాలూ ఇదే సాక్ష్యం చెబుతున్నాయి. 19వ శతాబ్దం చివర చెన్నై హార్బర్ గోడలు సముద్రంలోకి వచ్చాక వాటికి దక్షిణాన ఇసుక పేరుకుని నేటి విశాలమైన మెరీనా బీచ్ ఏర్పడింది. అదే గోడలకు ఉత్తరాన ఉన్న రాయపురం వైపు తీరం కోతకు గురై రాళ్ల కట్టల పాలైంది. పుదుచ్చేరిలో 1980ల చివర చిన్న హార్బర్ కట్టాక దానికి ఉత్తరాన ఉన్న ప్రసిద్ధ నడకదారి ముందు ఇసుక మాయమై, దశాబ్దాల పాటు నల్లరాళ్లే మిగిలాయి. మూడు నగరాలు, మూడు వేర్వేరు కాలాలు. ఫలితం మాత్రం ఒకటే: గోడకు దక్షిణాన మేట, ఉత్తరాన కోత. విశాఖలో ఉన్న తేడా ఏమిటంటే, దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ రాతి కొమ్ము సముద్రంలోకి చొచ్చుకుని ఉండటంతో ఆగిన ఇసుక మెరీనాలా కంటికి కనిపించే మైదానం కాలేదు. అది నీటి కింద గోతిలో, నౌకామార్గంలో చేరింది. కనిపించని నష్టాన్ని నమ్మించడం కష్టం. విశాఖ సమస్య ఇన్నేళ్లుగా నలుగుతూ ఉండటానికి అదీ ఒక కారణం.

తుపానుల మాటేమిటి?

ఈ వాదానికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం: ఒడ్డు కోసుకుపోవడం, మళ్లీ నిండటం ప్రకృతి సహజం, తప్పు తుపానులదే అని. ఇందులో సగం నిజం ఉంది. 1950లలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడి భూవిజ్ఞాన ఆచార్యులు సి. మహదేవన్ తదితరులతో కలిసి భారతదేశంలో సముద్ర శాస్త్ర అధ్యయనానికి పునాది వేశారు. వాల్తేరు ఒడ్డున ఇసుక ఎప్పుడు తగ్గుతుందో, ఎప్పుడు పెరుగుతుందో కొలిచింది ఆ బృందమే. ఉద్ధృతమైన అలలు ఒడ్డు ఇసుకను లాక్కెళ్లి కొద్ది దూరంలో నీటి కింద తిన్నెలుగా పెడతాయి. సముద్రం శాంతించాక చిన్న అలలు దాన్నే మెల్లగా ఒడ్డుకు తిరిగి తెస్తాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఒక్క రోజులో ఒడ్డు రూపురేఖలు మారిపోయాయి, బీచ్ రోడ్డు దెబ్బతింది. అయితే తుపాను తీసుకెళ్లిన ఇసుకలో ఎంత తిరిగి వస్తుందో, ఎంత ఉత్తరానికి జారిపోతుందో, జారిపోయినదాని స్థానంలోకి దక్షిణం నుంచి కొత్తది వస్తుందో లేదో అన్నదే అసలు ప్రశ్న. రాకపోకలు సాఫీగా ఉన్న ఒడ్డు తుపాను తర్వాత కోలుకుంటుంది. రావడం ఆగిన ఒడ్డు ప్రతి తుపానునూ కిందటిసారి కంటే తక్కువ ఇసుకతో ఎదుర్కొంటుంది. ప్రకృతి కోసిన గాయాన్ని మానకుండా చేస్తున్నది మన అడ్డుకట్ట.

గోడ కడితే సరిపోదా?

రెండో అభ్యంతరం ఆచరణ వైపు నుంచి వస్తుంది. అంత లెక్కలెందుకు, గట్టి గోడ కట్టి రాళ్లు పేరిస్తే రోడ్డు ఉంటుంది కదా అంటారు. ఇసుక ఒడ్డు అల బలాన్ని మెల్లగా పీల్చుకుంటుంది. అల పాకుతూ పోయి, ఇసుకలోకి ఇంకి, నీరసించి వెనక్కి వస్తుంది. నిటారు గోడకు తగిలిన అల తన బలంలో పెద్ద భాగంతో వెనక్కి తిరుగుతుంది. ఆ తాకిడికి గోడ పాదం దగ్గరి ఇసుక లేచిపోయి అక్కడ లోతు పెరుగుతుంది. లోతు పెరిగినకొద్దీ మరింత పెద్ద అలలు విరగకుండానే గోడను చేరతాయి. చివరికి పునాది బయటపడి గోడే ఒరుగుతుంది. గోడ ముగిసిన చోట పక్కనున్న ఒడ్డు ఇంకా వేగంగా కోసుకుపోతుంది. కాకినాడ, ఉప్పాడ మధ్య బీచ్ రోడ్డు చరిత్ర ఇదే. అక్కడ రాళ్లు పేర్చారు, ఇసుక నింపిన జియో ట్యూబులతో రక్షణ గోడ కట్టారు. తుపాను వచ్చినప్పుడల్లా రోడ్డు తెగింది, ఉప్పాడ గ్రామం ఇళ్లను పోగొట్టుకుంటూనే ఉంది. ఒకవేళ గోడ నిలబడినా, గోడ కింద నీరు మాత్రమే ఉన్న దారిని నడకదారి అనవచ్చేమో గానీ, బీచ్ అనలేం. జాలరి పడవ లాగడానికి చోటు ఉండదు, పిల్లలు ఆడుకోవడానికి ఉండదు, ఆలివ్ రిడ్లీ తాబేలు గుడ్లు పెట్టడానికీ ఉండదు. అత్యవసరమైన కొద్ది చోట్ల గోడ అవసరం కావచ్చు. మొత్తం తీరానికి అదే జవాబనుకుంటే కాపాడదలచుకున్నదాన్నే పోగొట్టుకుంటాం.

మూడో అభ్యంతరం డబ్బుకు సంబంధించింది. నౌకామార్గంలో తవ్విన ఇసుకను పైపుల ద్వారా ఆర్కే బీచ్‌కు చేర్చే పని విశాఖకు కొత్త కాదు. పోసిన ఇసుక కొన్నాళ్లకు కనిపించకుండా పోతుంటే, ఇది సముద్రంలో డబ్బు పోయడమేనని విమర్శ వస్తుంది. ఇసుక పోవడం ఈ పనిలో లోపం కాదు, ఈ పని ఉద్దేశమే అది. ఆర్కే బీచ్ నుంచి కదిలిన ఇసుక లాసన్స్ బేను, జోడుగుళ్లపాలాన్ని, ఆపై తీరాన్ని పోషిస్తూ ముందుకు పోతుంది. అడ్డుకట్ట లేకపోతే ప్రకృతి చేసి ఉండే పని అది. పైగా ఓడల దారి తెరిచి ఉండాలంటే ఆ ఇసుకను ఎలాగూ తవ్వి తీయాల్సిందే. తీసినదాన్ని లోతు సముద్రంలో పారబోయాలా, ఒడ్డుకు చేర్చాలా అన్నంత వరకే మన ఎంపిక. లోతులో పారబోసినది తీరానికి దాదాపు శాశ్వతంగా నష్టం. ఒడ్డుకు చేర్చడానికి అయ్యే అదనపు ఖర్చును రోడ్డు మరమ్మతులతో, గోడలతో, పర్యాటకంతో, జాలరుల జీవనంతో పోల్చి చూడాలి. అయితే ఒక షరతు ఉంది. పోసే ఇసుక రేణువు ఒడ్డు ఇసుకంత లావైనా ఉండాలి, లేదా కాస్త ఎక్కువ లావుండాలి. సన్నదైతే మొదటి పెద్ద అలలకే పోతుంది. లోపలి హార్బర్ బురద ఎట్టి పరిస్థితుల్లోనూ ఒడ్డుకు రాకూడదు. అందులో పరిశ్రమల, ఓడల వ్యర్థాలు పేరుకుని ఉంటాయి.

సముద్రమట్టం పెరుగుతున్న కాలంలో ఇదంతా ఎంతకాలం అనే ప్రశ్న న్యాయమైనదే. ఉపగ్రహాల కొలతల ప్రకారం 1993 తర్వాతి కాలంలో ఉత్తర హిందూ మహాసముద్ర మట్టం ఏటా సగటున 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. వాలు తక్కువున్న ఇసుక తీరంలో నీరు ఒక సెంటీమీటరు లేస్తే ఒడ్డు అర మీటరు నుంచి ఒక మీటరు దాకా వెనక్కి జరగవచ్చని స్థూల అంచనా. ఈ లెక్క ఇసుక దాటింపు అవసరాన్ని పెంచుతుందే తప్ప తగ్గించదు. పెరిగే నీటితో పాటు పైకి పెరగగల రక్షణ ఇసుక ఒక్కటే. అలలే దాన్ని పైకి చేర్చి ఒడ్డును ఎత్తు చేస్తాయి. కాంక్రీటు గోడ కట్టిన రోజు ఎత్తులోనే ఉండిపోతుంది. పుదుచ్చేరి అనుభవం ఇక్కడ ఆశ కలిగిస్తుంది. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ అక్కడ నీటి కింద త్రికోణాకారపు కృత్రిమ దిబ్బను నిలిపి అలల జోరు తగ్గించింది, దానికి తోడు ఇసుక పోశారు. దశాబ్దాల తర్వాత నగరవాసులు మళ్లీ ఇసుక మీద కాలు పెట్టారు. అక్కడా నిర్మాణం ఒక్కటే ఫలితం ఇవ్వలేదు, ఇసుక కలిసినప్పుడే ఇచ్చింది. తీరానికి అడ్డంగా రాతి కట్టలు వేసే పద్ధతి మాత్రం కోతను ఒక ఊరి నుంచి పక్క ఊరికి బదిలీ చేస్తుంది. దాని భారం చివరికి ఉత్తరాన ఉన్న జాలరిపేటల మీద పడుతుంది.

మనం చేయవలసింది

నౌకాశ్రయాన్ని తప్పుపట్టడం ఈ వాదం ఉద్దేశం కాదు. అది లేకపోతే నేటి విశాఖే లేదు. మంచినీటి సరఫరాను నగరం ఎలా ఏటా నిధులు, లక్ష్యాలు, లెక్కలు ఉన్న సేవగా నడుపుతుందో, ఇసుక దాటింపును కూడా అలాగే నడపాలి. ఏ ఏడాది ఎన్ని ఘనమీటర్లు తవ్వారు, ఎంత ఒడ్డుకు చేరింది, ఒడ్డు వెడల్పు నెలనెలా ఎలా మారింది అన్న వివరాలు ప్రజలకు అందుబాటులో ఉండాలి. జాతీయ స్థాయి పరిశీలన ప్రకారం 1990 నుంచి 2018 వరకు దేశ తీరంలో దాదాపు మూడో వంతు, ఆంధ్రప్రదేశ్ తీరంలో నాలుగో వంతుకు పైగా కోతకు గురైంది. దేశం మొత్తానికి చెప్పే ఈ సగటు, ఆర్కే బీచ్‌లో కురుసుర ముందున్న వంద మీటర్ల సంగతి చెప్పలేదు. అక్కడ కొలవాల్సింది అక్కడివాళ్లే. ఆ పని మొదలుపెట్టిన విశ్వవిద్యాలయం ఆ రోడ్డుకు కూతవేటు దూరంలోనే ఉంది.

రుషికొండ దాటాక ఇంకా చాలా చోట్ల ఒడ్డుకు తన స్వభావం మిగిలి ఉంది. అక్కడ బాగుచేయడం కంటే చెడగొట్టకుండా ఉండటం ముఖ్యం. ఒడ్డు వెనకున్న ఇసుక దిబ్బలు తుపాను నాటికి దాచిన నిల్వలు. వాటిని రావణాసురుని మీసాల గడ్డి, పాకే బీచ్ తీగలు పట్టి ఉంచుతాయి. అందం కోసం వాటిని చదును చేసి పలకలు పరిస్తే ఆ నిల్వ పోతుంది. శారద మీద రైవాడ, గోస్తని మీద తాటిపూడి లాంటి జలాశయాలు నగరానికి, పొలాలకు నీళ్లిస్తూనే కొంత ఇసుకను పైనే ఆపుతున్నాయి. మిగిలినదాన్ని కింద నదీగర్భాల్లో తవ్వుకుపోతే సముద్రానికి చేరేది ఇంకా తగ్గుతుంది. రోడ్డును వెడల్పు చేయాల్సి వస్తే కొండ వైపు చేయాలి, కొత్త కట్టడాలు అలకు దూరంగా ఉండాలి. ఎర్రమట్టి దిబ్బల్లో ఒక్క బండెడు మట్టి కూడా కదలకూడదు. వేల ఏళ్లు పట్టిన ఆ పొరలను ఏ ఇంజనీరూ తిరిగి పేర్చలేడు.

ఈ దారిలో రోజూ నడిచే వేల మంది తీరానికి ఉచితంగా దొరికిన కాపలాదారులు. ఒడ్డున నల్లని చార ఎక్కడ మొదలై ఎక్కడిదాకా ఉందో, గోడ పునాది ఏ నెలలో బయటపడిందో, ఇసుక పోసిన తర్వాత అది ఎన్ని వారాలు నిలిచిందో గమనించండి. ఒకే చోట నిలబడి నెలకో ఫొటో తీసి తేదీ వేసి దాచండి. కొత్త గోడకు శంకుస్థాపన అన్నప్పుడు, ఈ ఏడాది ఎంత ఇసుక దాటించారని అడగండి. బీచ్ రోడ్డు భవిష్యత్తు ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఆధారపడి ఉంది.